తీగ ఊడదీశాక వచ్చిన కేక

సెల్‌ఫోను ప్రిన్సిపాల్ గారి నడుముకు మాత్రమే వేలాడుతున్న ఆ రోజుల్లో, మా గోదావరి జిల్లాల్లో ఎవరికైనా కొత్త ఆలోచన వస్తే దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఇంట్లో చెబితే ముందు ఉద్యోగం చూసుకోమనేవారు. బ్యాంకులో చెబితే పొలం కాగితాలున్నాయా అని అడిగేవారు. స్నేహితులకు చెబితే టీ ఇప్పించమనేవారు. అలాంటి కాలంలో రాజమండ్రి అవతల ఉన్న మా ఇంజనీరింగ్ కాలేజీకి యూనివర్సిటీ నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. విద్యార్థుల ఆలోచనలను వ్యాపారాలుగా మార్చేందుకు ఒక కేంద్రం తెరవమని. తెరవడానికి కాలేజీలో ఖాళీగా ఉన్నది ఒక్కటే, ఆ స్థలంలో అంతకుముందెప్పుడో కట్టిన పొగాకు గోదాము. దానికి సున్నం వేయించి, ‘ఔత్సాహిక పారిశ్రామికవేత్తల ప్రోత్సాహక కేంద్రం’ అని బోర్డు పెట్టారు. (బోర్డు తలుపు కంటే వెడల్పని కొలిచి మరీ చెప్పాను. అప్పటికే మేకులు కొట్టేశారు.) సున్నం వాసన పోయింది గానీ పొగాకు వాసన పోలేదు. వాన పడితే గోడల్లోంచి బయటికొచ్చేది. అక్కడ లేని మనిషెవరో మూల కూర్చుని చుట్ట కాలుస్తున్నట్టు ఉండేది. సాయంత్రం అయిదు దాటాక గుమాస్తాలెవరూ ఆ వైపు వచ్చేవారు కాదు.

నేను అక్కడ తాత్కాలిక ఉద్యోగిని. సామాన్లు లెక్క చూడటం, తలుపు తాళం వేయటం నా పని. ఇంటర్లో లెక్కల పరీక్షే తప్పాను గానీ ఆ కోపంతో పాత పుస్తకాలు కొనుక్కుని లెక్కలు నా అంతట నేనే నేర్చుకున్నాను. దాంతో కుర్రాళ్ళు నాకు ‘ఎక్కాలు’ అని పేరు పెట్టారు. కేంద్రానికి పెద్ద మా ఇన్‌ఛార్జి మాస్టారు. మంచివాడు, ఉత్సాహవంతుడు, ‘ఇన్నోవేషన్’ అనే మాట లేకుండా మంచినీళ్ళు కూడా అడగలేడు. కేంద్రానికి దొరికిన విద్యార్థి కూడా ఒక్కడే. వాడి చేతిలో ఎప్పుడూ సోల్డరింగ్ కడ్డీ ఉండేది కాబట్టి వాడిపేరు సోల్డరు. యూనివర్సిటీ పెట్టిన షరతు కూడా ఒక్కటే. చలికాలం వెళ్ళేలోపు మేం తయారు చేసిన వస్తువును బయటివాడు ఒక్కడైనా తన సొంత డబ్బుతో కొంటాననాలి. లేకపోతే కేంద్రం మూత, గోదాము మళ్ళీ గోదామే, నేను మళ్ళీ ఇంటికే. మాస్టారికి జీతం వేరే ఉంది, సోల్డరుకు డిగ్రీ వస్తుంది. ఆ షరతు మీద అన్నం ఆధారపడింది నా ఒక్కడికే.

సోల్డరుది భీమవరం అవతల చేపల చెరువుల ఊరు. అక్కడ చలికాలంలో నీటికాకులూ కొంగలూ గుంపులుగా దిగి చేపపిల్లల్ని ఎత్తుకుపోతాయి. టపాకాయలకు రెండు రోజులు బెదురుతాయి, మూడో రోజు టపాకాయ పేలుతుంటే పక్కనే నిలబడి రెక్కలారబెట్టుకుంటాయి. డబ్బా మోతలూ, మెరిసే రిబ్బన్లూ అంతే. కానీ ఆ ఊళ్ళో ఒక రాజుగారి చెరువుల దగ్గర కాపలా ఉండే ముసలాయన కేకకు మాత్రం ఎన్నేళ్ళయినా బెదురుతూనే ఉండేవి. ఆయన్ని అందరూ ‘కేకల తాత’ అనేవారు. ఆయన గొంతును చిప్పులో దాచి, బ్యాటరీ మీద, గుడి మైకు లాంటి బాకాలోంచి వినిపిస్తే ఒక్క తాత పది చెరువులు కాస్తాడన్నది సోల్డరు ఆలోచన. మాస్టారు విని లేచి నిలబడ్డారు. “ఇది గదరా ఇన్నోవేషను!” అన్నారు.

గొంతు పట్టుకోవడానికి ముగ్గురం చెరువు గట్టుకెళ్ళాం. తాత మైకు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, “నా కేక ఆ డబ్బాలో పెట్టేస్తే నాకు తగ్గిపోదు గదా బాబూ?” అని అడిగాడు.

“తగ్గదు తాతా. జెరాక్సు లాంటిదన్నమాట,” అన్నాడు సోల్డరు.

“జెరాక్సు తీస్తే అసలు కాయితం మన దగ్గరే ఉంటది గదా?”

“ఉంటుంది.”

“అయితే తియ్యి.”

తాత మూడు కేకలు వేశాడు. “హోయ్” అని ఒకటి. “ఎవడ్రా అదీ” అని ఒకటి. మూడోది, గట్టు చివర మేత బస్తాలు దించుతున్న పనివాళ్ళు తనకేసి చూస్తూ నవ్వుతున్నారని కోపమొచ్చి, “ఇటు రండెహే!” అని అరిచింది. అది కూడా చిప్పులో పడిపోయింది. ఆ కేకకే పక్షులు అన్నిటికంటే ఎత్తుకు లేచాయి గనుక దాన్నీ ఉంచేశాం. చిప్పులో చోటు ఆ మూడు కేకలకే సరిపోయింది. అరిచాక తాత దగ్గిన దగ్గును కూడా కత్తిరించాల్సి వచ్చింది.

ఒకే వ్యవధిలో అరిస్తే పక్షులు పసిగట్టేస్తాయి కాబట్టి ఏ కేక ఎంతసేపటికి రావాలో కుదురు లేకుండా పేర్చాలి. ఆ పని నాకప్పగించారు. ఇంజనీర్లుండగా నాకు! వారం రోజులు ఇంట్లో గోడకేసి చూస్తూ ఆ వరసను మనసులోనే అల్లాను. ఏ పక్షీ, ఏ మనిషీ ఊహించలేనట్టు. నాకు మాత్రం కంఠతా వచ్చేసింది. బస్సులో కూర్చున్నా నా తలలో ఒక చెరువు దానంతట అది అరుస్తూనే ఉండేది. (ఇప్పటికీ అరుస్తుంది. దాని సంగతి చివర్లో.)

యంత్రాన్ని చెరువులో పెట్టిన మొదటి రోజే చిక్కొచ్చి పడింది. బాకాలోంచి “ఇటు రండెహే” అని వినబడగానే పనివాళ్ళు చేతిలో పనులు వదిలేసి గట్ల మీద పరుగెత్తుకొచ్చేవారు. తన కాపలా పాక ముందు చద్దన్నం తింటున్న తాత తలెత్తి, “నేనెప్పుడు పిలిచాను?” అనేవాడు. మధ్యాహ్నానికి ఇలా నాలుగుసార్లు అయ్యేసరికి, యంత్రాన్ని చెరువులోకి తోసేస్తామన్నారు. అప్పుడు నాకు మా మామ్మ గుర్తొచ్చింది. మంచు కురిసే పొద్దునగానీ, దీపాలు పెట్టే వేళగానీ ఎవరైనా పిలిచినట్టుంటే వెంటనే పలక్కూడదనేది మామ్మ. మనిషైతే మూడుసార్లు పిలుస్తాడు. మనిషి కానిది ఒక్కసారే పిలుస్తుంది, దానికి పలికితే మన గొంతు పట్టుకుని వెంట వచ్చేస్తుంది. ఈ నియమం చెరువుల మీద పని చేసేవాళ్ళందరికీ తెలిసిందే. అంచేత నేను, “డబ్బా ఎప్పుడూ ఒక్కసారే అరుస్తుంది. ఒక్క కేక వినబడితే కదలకండి. మూడు కేకలు వరసగా వినబడితే తాత,” అని చెప్పాను. అందరి మొహాలూ విప్పారాయి. వాళ్ళకు తెలిసిన నియమమే, ఇప్పుడు కాలేజీ కూడా ఒప్పుకుంది. మాస్టారు దీన్ని ‘స్థానిక విశ్వాసాలను యంత్ర రూపకల్పనలో సమన్వయించుట’ అని నివేదికలో రాశారు. ఆ వాక్యం చదివి నేను కాలర్ సర్దుకున్నాను.

యంత్రం బాగా పనిచేసింది. పక్షులు తగ్గాయి. కానీ చెరువు మాత్రం మునుపటి చెరువులా లేదు. మా డెల్టాలో ఆ నెలల్లో తెల్లవారాక కూడా మంచు ఎంత దట్టంగా ఉంటుందంటే, గట్టు మీద నడిచేవాడికి తన పాదాలు కనిపించవు. ఆ తెలుపులో తాత నా ఎదుటే కూర్చుని, మూతి మూసుకుని చుట్ట వెలిగించుకుంటుండగా, చెరువు నడిమధ్య నుంచి తాతే “ఎవడ్రా అదీ” అని అడిగేవాడు. ఎవరూ తలతిప్పేవారు కాదు. అదే మరీ భయంగా ఉండేది. ఒక మనిషి గొంతు చించుకుని పిలుస్తుంటే మేత కలిపేవాడు మేత కలుపుతున్నాడు, వల కుట్టేవాడు వల కుడుతున్నాడు. వచ్చిన గొంతును వినకపోవడం అందరికీ అలవాటైపోయింది. ఒకరోజు తాత తన కేకకు తనే “ఆఁ” అని పలికాడు. పలికి, మేం విన్నామా అని చూసి, చుట్ట ఆరిపోకపోయినా మళ్ళీ వెలిగించుకున్నాడు.

యూనివర్సిటీ నుంచి ఒక మేడంగారు యంత్రాన్ని చూడటానికొచ్చే రోజు రానే వచ్చింది. రాజుగారు కూడా ఆ రోజే కొంటానో కొననో చెబుతానన్నారు. ముందురోజే నేనూ సోల్డరూ వెళ్ళి పాకలో పడుకున్నాం. పొద్దున్నే సోల్డరు మేడంగారి వ్యానుకు దారి చూపించడానికి రోడ్డు మీదికెళ్ళాడు. తాత పక్క ఖాళీగా ఉంది. బహిర్భూమికి వెళ్ళుంటాడనుకున్నాను. పనివాళ్ళు అవతలి గట్టున గడ్డి మంట వేసుకుని చలి కాచుకుంటున్నారు. మంచులో ఆ మంట ఎర్రటి మరకలా ఉంది తప్ప మనుషులు కనిపించడం లేదు. నేను పళ్ళు తోముకుంటూ అలవాటుగా వరసను మనసులో నడిపిస్తున్నాను. “హోయ్” వచ్చింది. సరిగ్గా వేళకే. ఇక కాసేపు నిశ్శబ్దం. పుక్కిలించాను. ఇంతలో “ఇటు రండెహే” అని వినబడింది.

నా నోట్లో నీళ్ళు నోట్లోనే ఉండిపోయాయి. ఆ కేక ఇప్పుడు రాకూడదు. నా వరసలో అంత దగ్గరగా రెండు కేకలు ఎక్కడా లేవు. కాసేపటికి మళ్ళీ అదే కేక, కాస్త నీరసంగా. చిప్పు చెడిపోయింది! అదీ ఈ పూట! మేడంగారి ముందు యంత్రం ఇలా పిచ్చిపట్టినట్టు అరిస్తే ఇక కేంద్రమూ లేదు, నా ఉద్యోగమూ లేదు. లుంగీ ఎగగట్టి, గట్టు మీద తడుముకుంటూ యంత్రం దగ్గరకు పరుగెత్తాను. కొబ్బరి దుంగ మీద పెట్టె తడిసి ఉంది. ముందు బ్యాటరీ తీస్తే మిగతాది సోల్డరు చూసుకుంటాడు. ఎర్ర తీగ ఊడదీశాను. అనుమానం తీరక నల్ల తీగ కూడా ఊడదీశాను. హమ్మయ్య అనుకున్నాను.

“ఇటు... రండెహే...”

రెండు తీగలూ నా చేతిలోనే ఉన్నాయి. చూసుకున్నాను. ఒకటి ఎరుపు, ఒకటి నలుపు. వాటి కొసలు గాలిలో ఉన్నాయి. లెక్కల మీద నమ్మకం ఉన్నవాడు మామూలు మనిషి కంటే ఎక్కువ భయపడతాడని నాకు అప్పుడు తెలిసింది. మామూలు మనిషికి దయ్యం అంటే దయ్యమే. నాకైతే అంతవరకు సరిపోయిన లోకమంతా ఒక్కసారిగా లెక్క తప్పింది. చెవి బాకాకు ఆనించాను. ఇనుము చల్లగా తగిలింది గానీ లోపల చప్పుడేం లేదు. ఆ గొంతు బాకాలోంచి రావడం లేదు, మంచులోంచి వస్తోంది. ఎటు నుంచో చెప్పలేం, మంచుకు దిక్కులుండవు. నేను ఇంజనీరింగ్ కాలేజీ ఉద్యోగిననే సంగతి మర్చిపోయి మామ్మ చెప్పిన పని చేశాను. దాని వెంటే రెండో పిలుపు వస్తుందేమోనని ఆగాను. రాలేదు. మూడోది ఎలాగూ లేదు. అవతల గడ్డి మంట దగ్గర ఎవరో నవ్వారు. వాళ్ళూ విన్నారు, నియమం ప్రకారం కదల్లేదు. ఆ నియమాన్ని నేనే చెప్పాను.

వెనక్కి తిరగబోయాను. అప్పుడు ఎవరో దగ్గారు.

డబ్బాకు మేం దగ్గు పెట్టలేదు. దగ్గును కత్తిరించిన రోజు నేను పక్కనే ఉన్నాను. దయ్యాలు దగ్గుతాయని మామ్మ ఎప్పుడూ చెప్పలేదు. ఒక్క పిలుపుకి పలికితే ఏమవుతుందో తెలిసే, కళ్ళు మూసుకుని, “ఆఁ! తాతా!” అని పలికాను.

“ఎవడ్రా... ఎక్కాలా?” అంది మంచు. “ఎంతసేపట్నించి పిలుత్తున్నానురా, ఎదవల్లారా! తూము కాడ... ఊబిలో ఉన్నా. రొమ్ము పట్టేసింది. వరసగా పిలవడానికి ఊపిరాడట్లేదురా...”

పెద్దవాళ్ళొస్తున్నారు గదా, తూముకు కట్టిన వల శుభ్రంగా ఉండాలని దిగాడట. కొత్తగా తవ్విన గుంటలో కాలు జారింది. వల వెదురు పట్టుకుని, ఊపిరి దొరికినప్పుడల్లా ఒక్కొక్క కేక వేస్తున్నాడు. ఒక్కొక్క కేకే. నేను గడ్డి మంట వైపు తిరిగి, “ఇటు రండి!” అని అరిచాను. ఎవరూ కదల్లేదు! అప్పుడు అర్థమై, “ఇటు రండి! ఇటు రండి! ఇటు రండి!” అని మూడుసార్లు అరిచాను. మంట దగ్గర్నుంచి ఒక్కసారిగా పరుగుల చప్పుడు వినిపించింది. కొబ్బరి మట్టలు పరిచి, మేత పడవ తాడు చంకల కింద వేసి, అందరం కలిసి లాగితే తాత బురదలోంచి నెమ్మదిగా, చెరువుకు ఇవ్వడం ఇష్టం లేనట్టుగా బయటికొచ్చాడు. సరిగ్గా అప్పుడే గట్టు మీద వ్యాను ఆగింది.

మేడంగారూ మాస్టారూ దిగి మంట దగ్గరకొచ్చేసరికి తాత ఒంటినిండా బురదతో, మా కేకలు విని పరుగెత్తుకొచ్చిన రాజుగారి శాలువా కప్పుకుని కూర్చున్నాడు. మాస్టారు సంగతి తెలియక, “ఇదండీ మా ఇన్నోవేషన్,” అని ఆయన్నే చూపించారు. మేడంగారు యంత్రం పనిచేస్తోందా అని అడిగారు. రాజుగారు అందుకున్నారు. “మరీ ఎక్కువ పనిచేసిందండి. మా తాత పిలిస్తే మేం ఎవరం పలక్కుండా చేసిందండి.”

తాత మంట వైపే చూస్తూ అన్నాడు. “జెరాక్సు బాగానే ఉంది బాబూ. అసలు కాయితమే చెల్లకుండా పోయింది. నా కేక నాకిచ్చెయ్యండి.”

సోల్డరు ఏడుపు మొహం పెట్టాడు. మాస్టారికి ఎప్పుడూ వచ్చే మాట ఆ పూట రాలేదు. మేడంగారు, యంత్రాలు పెట్టే ముందు వాటి పక్కన బతికేవాళ్ళని అడగాలని మనమంతా నేర్చుకోవాలనీ, అది ఏ నివేదికలోనూ రాదనీ, అంచేత దీన్ని తప్పు కింద కాక చదువు కింద రాసుకుంటాననీ అన్నారు. (యూనివర్సిటీ వాళ్ళ నోట నేను విన్న మాటల్లో నాకు పూర్తిగా అర్థమైంది ఇదొక్కటే.) కానీ షరతు షరతే. కొనేవాడు కావాలి. అందరం రాజుగారి వైపు చూశాం.

“కొంటానండి. పక్షులు తగ్గినమాట నిజమే,” అన్నారు రాజుగారు. “అయితే ఈ చెరువు మీద బతికేవాడి గొంతు అందులో ఉండకూడదు. ఇక్కడ ఎప్పుడూ సాయం కోసం పిలవాల్సిన అవసరం రానివాడిది పెట్టండి.” అని నా వైపు తిరిగారు. “ఏవండి, మీదే ఊరు?”

“రాజమండ్రి దగ్గరండి.”

“చెరువులో దిగుతారా?”

“ఈత రాదండి.”

“సరిపోయారు,” అన్నారు రాజుగారు.

అలా మేడంగారి ముందు, లుంగీతో, చెవుల్లో బురదతో నేను మైకు ముందు నిలబడ్డాను. మొదటి “హోయ్”కి ఒక కొంగ తల తిప్పి చూసి, మళ్ళీ నీళ్ళలోకి చూసుకుంది. తాత మంట దగ్గర్నుంచే, “గొంతుతో కాదురా, పొట్టతో! ఇందాక నన్ను పిలిచావే, అలాగ!” అన్నాడు. ఇందాకటి భయం నాలో ఇంకా మిగిలే ఉంది. దాన్నంతా పోగేసి అరిచాను. మంచులో కనిపించని రెక్కలన్నీ ఒక్కసారిగా లేచాయి. చిప్పులోంచి తాత గొంతు చెరిపేసి, ఆ కేకలన్నీ నా గొంతుతో పెట్టాం. ఆ రోజు నుంచి తాత దగ్గినా సరే పది మంది పరుగెత్తుకొచ్చేవారు. “కాస్త దగ్గనివ్వండ్రా,” అని ఆయన విసుక్కునేవాడు.

కేంద్రం నిలిచింది. ఆ గోదాములో తర్వాత చాలామంది కుర్రాళ్ళు చాలా వస్తువులు చేశారు, వాటిలో ఎక్కువ భాగం పనిచేయలేదు. ఇప్పుడక్కడ అద్దాల గోడలు, రంగురంగుల కుర్చీలు ఉన్నాయట. వానపడితే వాసన వస్తుందో లేదో ఎవరూ చెప్పలేదు. నేను ఆ ఉద్యోగం వదిలి, చిన్న వ్యాపారాలకు లెక్కలు చూసి పెట్టుకుంటూ జుట్టు తెల్లబరుచుకున్నాను.

మొన్న చలికాలంలో పనిమీద ఆ చెరువుల దారిలో వెళ్తూ, పొద్దుగూకే వేళ గట్టు పక్కన టీ కొట్టు దగ్గర ఆగాను. మంచు అప్పుడే దిగుతోంది. గ్లాసు పెదవుల దగ్గర పెట్టుకోగానే, చెరువు మధ్య నుంచి ఎవరో కుర్రాడు “హోయ్” అని అరిచాడు. గ్లాసు అక్కడే ఆగిపోయింది. పెట్టెలు మారాయో, బాకాలు మారాయో తెలియదు గానీ చిప్పు మాత్రం అదే.

“ఎవరండీ అలా అరుస్తున్నారు?” అని తెలియనట్టు టీ కొట్టాయన్ని అడిగాను.

“మనిషి కాదండి, డబ్బా. ఒక్కసారే అరుస్తదండి. పలక్కండి.”

“గొంతు ఎవరిదో?”

“ఎవరో లెక్కలాయనదంటండి. పోయి చాన్నాళ్ళయిందంట పాపం. ఈ చెరువులోనే ఊబిలో దిగడిపోయాడని మా మామ చెప్పేవోడు. ఎంత పిలిచినా ఎవరూ రాలేదంట.”

కాదండీ, ఆయన మీ బల్ల మీదే కూర్చుని మీ టీ తాగుతున్నాడండీ అని చెబుదామనుకున్నాను. కానీ రుజువేముంది? ఇప్పుడు నా గొంతుకు కొంగ కాదు గదా, దోమ కూడా లేవదు. ఆ చెరువులో అరుస్తున్నవాడు మాత్రం ఇంకా పాతికేళ్ళ లోపే ఉన్నాడు, ఉద్యోగం పోతుందేమోనని ఇంకా భయపడుతూనే ఉన్నాడు, ఎవరూ పలక్కపోయినా విసుగు లేకుండా పిలుస్తూనే ఉన్నాడు. తర్వాతి కేక ఎప్పుడొస్తుందో నాకు ఇంకా కంఠతా వచ్చు. టీ చల్లారిపోతున్నా కూర్చున్నాను. సరిగ్గా వేళకే వచ్చింది. “ఎవడ్రా అదీ” అని అడిగాడు వాడు.

కొట్టాయన పాలగిన్నె వైపు తిరిగేదాకా ఆగి, వాడికి మాత్రమే వినబడేటట్టు, “నేనేరా,” అన్నాను.